మూడు రోజులు కనబడకపోతే మనిషే కాడు

“రోజూ లాగిన్ కావాలె. వారం వారం గ్లోరీ టార్గెట్ కొట్టాలె. మూడు రోజులు ఆఫ్‌లైన్ ఉంటే డైరెక్ట్ కిక్. బహానాలు చెప్పద్దు. లీడర్ మాటే ఫైనల్.”

కలెక్టరు గారి ఉత్తర్వేమో అని కంగారు పడకండి. ప్రాణహిత ఒడ్డున, మహారాష్ట్ర వైపు ఉన్న మా సిరోంచలో ఫ్రీ ఫైర్ మ్యాక్స్ ఆడే కుర్రాళ్లు తమ గిల్డ్‌కు రాసుకునే రాజ్యాంగం ఇలాగే ఉంటుంది. దేశానికి రాజ్యాంగం రాయడానికి రెండేళ్ల పదకొండు నెలల పైచిలుకు పట్టింది. దీనికి రెండు కటింగ్ చాయ్‌లు పడతాయి. ఐదు వాక్యాలు, అన్నీ విధులే. హక్కుల అధ్యాయం రాసేలోపు మ్యాచ్ మొదలైపోయి ఉంటుంది.

ఆట తెలియని పెద్దల కోసం రెండు ముక్కలు. ఫ్రీ ఫైర్ ఆడేవాళ్లు కలిసి పెట్టుకునే సంఘాన్ని గిల్డ్ అంటారు. సభ్యులు మ్యాచ్‌లు ఆడుతున్న కొద్దీ గిల్డ్ ఖాతాలో గ్లోరీ అనే పాయింట్లు జమ అవుతాయి, వాటితో గిల్డ్ లెవెల్ పెరుగుతుంది. గిల్డ్‌లో చోట్లు పరిమితం. క్లాష్ ఆఫ్ క్లాన్స్ అనే ఇంకో ఆటలో దీన్నే క్లాన్ అంటారు, యాభై మందికి మించి పట్టరు. ఎక్కడైనా లీడర్ల ఏడుపు ఒకటే: జాబితా నిండా జనం, పిలిస్తే పలికే నాథుడు లేడు. ఆడనివాడు చోటు పట్టుకుని కూర్చుంటే ఆడాలనుకునేవాడు గుమ్మం బయట నిలబడాలి. ఈ బాధ నిజమే. తీసేసే అధికారం లీడరుకు ఉండాల్సిందే. నాకు నవ్వొచ్చేది ఆ అధికారం చెలాయించే తీరు చూసే.

మా వైపు గిల్డ్ లీడరుకు ఇరవై దాటవు. బీఎస్సీ రెండో ఏడు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, మైకు పెట్టుకుంటే హిందీ. సాయంత్రం ఆరింటికి బస్టాండు దగ్గర మొబైల్ షాపు మెట్ల మీద దర్బారు. ఒక చేతిలో పవర్ బ్యాంకు, ఇంకో చేతిలో జువాలజీ ప్రాక్టికల్ రికార్డు. ముందు పేజీల్లో కప్ప జీర్ణవ్యవస్థ, వెనక పేజీల్లో గిల్డ్ హాజరు పట్టీ. స్కేలు పెట్టి గీసిన గళ్లు. వచ్చినవాడికి నీలం టిక్కు, రానివాడికి ఎర్ర సున్నా. వరసగా మూడు సున్నాలు పడితే పేరు మీద అడ్డగీత. కప్ప పేగుల బొమ్మకు లేని శ్రద్ధ ఈ గళ్లలో కనిపిస్తుంది. కాలేజీలో ఆయనగారి హాజరు ఎంతో మాత్రం ఆ పుస్తకంలో ఎక్కడా రాసుకోలేదు.

ఆ ఎర్ర సున్నాలను నెలల వారీగా చదివితే పంచాంగం చదివినట్టే ఉంటుంది.

జనవరి నుంచి మార్చి దాకా పడే సున్నాలు మిర్చివి. గడ్చిరోలి జిల్లా పల్లెల నుంచి కుటుంబాలకు కుటుంబాలు ములుగు, భూపాలపల్లి, ఖమ్మం వైపు మిరపకాయలు ఏరడానికి కదులుతాయి. చేను గట్టు మీదే పరదా గుడిసె, అక్కడే వంట, అక్కడే పడక. పొద్దంతా కాయలు ఏరిన వేళ్లకు పట్టిన మంట సబ్బుతో రుద్దినా వదలదు. ఆ వేళ్లతో రాత్రి గేమాడుతూ పొరపాటున కన్ను నులుముకుంటే ఏమవుతుందో లీడరు గారు ఒక్కసారి ప్రయోగం చేసి చూడాలి. రికార్డులో రాసుకోవడానికి కూడా పనికొస్తుంది. మార్చి, ఏప్రిల్ సున్నాలు ఇప్పపువ్వువి. రాత్రి రాలిన పువ్వును పశువులు తొక్కకముందే, తెల్లారకముందే ఏరుకోవాలి. అర్ధరాత్రి దాకా ర్యాంకు పుష్ చేసేవాడు ఆ పనికి లేవలేడు. ఏప్రిల్ చివర మొదలై మే నెలంతా పడేవి తునికాకు సున్నాలు. అప్పుడు ఊళ్లో ముసలివాళ్లు, మేకలు తప్ప ఎవరూ మిగలరు. ఆకు కోయాలి, కట్టలు కట్టాలి, కల్లంలో లెక్క అప్పజెప్పాలి. ఆకు డబ్బు చేతికొచ్చాకే మా వైపు చాలామంది కుర్రాళ్ల చేతిలోకి ఫోను వస్తుంది. ఫోను కొనిపెట్టిన పనికి వెళ్లినందుకు, ఆ ఫోనులోని గిల్డ్ నుంచే గెంటేయడం! అన్నం పెట్టినవాడి ఇంటికి తాళం వేసినట్టు లేదూ?

గ్రూపులో సంభాషణ ఇలా నడుస్తుంది:

“అన్నా, మిర్చికి అచ్చినం. ఈడ సిగ్నల్ దొరుకుతలేదు. పదిహేను దినాలల్ల అస్త.”

“గదంతా నాకు చెప్పకు. రూల్ అంటే రూల్.”

“లీడర్ భాయ్ సహీ బోలా.” మూడో గొంతు ఆఫీసర్ హోదా గలవాడిది. ప్రతి గిల్డ్‌కూ ఇలాంటివాడు ఒకడు తప్పడు. ఆట అంతంతమాత్రం, హాజరు నూటికి నూరు.

ఇక జూలై, ఆగస్టు. అప్పుడు గోదావరి, ప్రాణహిత, ఇంద్రావతి మూడూ కలిసి మా తాలూకాను ఆఫ్‌లైన్ చేస్తాయి. 2022 జూలై వరదలో ఏటి ఒడ్డు ఊళ్లను ఖాళీ చేయించాల్సి వచ్చింది. అవతలి ఒడ్డున కాళేశ్వరం ప్రాజెక్టు వాళ్ల కన్నెపల్లి పంప్‌హౌసే నీళ్లలో మునిగింది. వేల కోట్ల మోటార్లే లాగిన్ కాలేకపోయిన వారంలో, బడి వరండాలో తల్లిని, మేకపిల్లను పక్కన పెట్టుకుని కూర్చున్న కుర్రాడు గ్లోరీ టార్గెట్ కొట్టలేదని కిక్ కొట్టే లీడరును ఏమనాలి?

అదే కాళేశ్వరం ప్రాజెక్టులోని మేడిగడ్డ బరాజ్ మాటకొస్తే, అది అటు చివర తెలంగాణలో ఉంటే ఇటు చివర మా సిరోంచ తాలూకాలోనే ఆనుకుని ఉంది. 2019 జూన్ 21న ముగ్గురు ముఖ్యమంత్రుల సమక్షంలో ప్రారంభమైంది. 2023 అక్టోబరు 21న పియర్లు కుంగాయి. గిల్డ్ భాషలో చెప్పాలంటే ఆనాటి నుంచి అది ఇనాక్టివ్. దాన్ని ఎవరైనా మూడో రోజు కిక్ చేశారా? లేదు. 2024లో జస్టిస్ పీసీ ఘోష్ కమిషన్ వేశారు, సంబంధించినవాళ్లను పిలిచారు, సంజాయిషీలు విన్నారు, 2025 జూలై చివర్లో నివేదిక వచ్చింది. కాంక్రీటుకు దొరికిన సహజ న్యాయం కుర్రాడికి దొరకదు.

చట్టాలు రాసినవాళ్లు చేతగానివాళ్లనుకుంటారేమో మా లీడర్లు. మహారాష్ట్ర అంటే సహకార సంఘాల పుట్టిల్లు. చక్కెర ఫ్యాక్టరీల నుంచి పట్నాల్లో అపార్టుమెంటు సొసైటీల దాకా అన్నీ సభ్యత్వాల మీదే నడుస్తాయి. పేరుకే ఉండి మొహం చూపించని సభ్యులు వాళ్లకూ తలనొప్పే. 2013లో సహకార చట్టాన్ని సవరించినప్పుడు దీనికి అప్పట్లో ఒక కొలత పెట్టారు. ఐదేళ్లలో ఒక్క సర్వసభ్య సమావేశానికైనా రావాలి, సంఘం సేవలు కొద్దో గొప్పో వాడుకోవాలి. అలా చేయనివాణ్ణి క్రియాశీలం కాని సభ్యుడిగా వర్గీకరించి, ఆ సంగతి అతనికి తెలియజేయాలి. ఆ తర్వాత ఇంకో ఐదేళ్లు చూసి అప్పటికీ కదలకపోతేనే బహిష్కరణ మాట. అంటే కోట్ల రూపాయల చెరుకు ఆడే సంఘం పదేళ్లు ఓపిక పట్టింది. తుపాకీ బొమ్మకు రంగు మార్చుకునే సంఘానికి మూడు రోజులకు మించి ఆగే తీరిక లేదు.

పార్లమెంటు సభ్యుడికైతే రాజ్యాంగం 101వ అధికరణం, ఎమ్మెల్యేకైతే 190వ అధికరణం అరవై రోజులు ఇచ్చాయి. అనుమతి లేకుండా అన్ని రోజులు సభకు రాకపోతే ఆ స్థానం ఖాళీ అయిందని సభ ప్రకటించవచ్చు. ‘ప్రకటించవచ్చు’ అనే ఉంది, ప్రకటించి తీరాలని లేదు. పైగా ఆ అరవైలో సభ వాయిదా పడ్డ రోజులు కొన్ని లెక్కలోకి రావు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఫిబ్రవరిలో ఈ అరవై రోజుల మీద చర్చ రాజుకున్నప్పుడు వైఎస్సార్ కాంగ్రెస్ సభ్యులు సభకు వచ్చారు, గవర్నరు ప్రసంగం నడుస్తుండగానే నినాదాలు చేసి బయటికి వెళ్లిపోయారు. ఏ పార్టీని అనడం లేదు. ఏ పార్టీ అయినా, ఏ గిల్డ్ అయినా, లెక్క హాజరు మీద నడిస్తే మనిషి హాజరే వేయించుకుంటాడు, పని చేయడు.

గిల్డ్‌లో జరిగేదీ అచ్చంగా ఇదే. మూడో రోజు రాత్రి పదకొండు యాభైకి పక్కింటి వైఫై గోడ దగ్గర నిలబడి లాగిన్ అవుతారు. లాబీలో బొమ్మ రెండుసార్లు గంతేస్తుంది, లాగౌట్. మరో మూడు రోజులకు ప్రాణం నిలిచింది. మరి గ్లోరీ టార్గెట్ మాట? దానికీ బజార్లో మందు దొరుకుతోంది, పేరు గ్లోరీ బాట్. డబ్బులు పారేస్తే మనిషి అవసరం లేకుండా ఐడీలు వాటంతట అవే మ్యాచ్‌లోకి దిగుతాయి, ఏ చెట్టు పక్కనో నిలబడి చస్తాయి, మళ్లీ దిగుతాయి, మళ్లీ చస్తాయి. గిల్డ్ గ్లోరీ మాత్రం పొంగుతుంది. ఇలాంటి దొంగ సాఫ్ట్‌వేర్ వాడితే ఐడీని బ్యాన్ చేస్తామని ఆట నడిపే గరీనా కంపెనీ చెబుతూనే ఉంటుంది. అయినా ఏ గిల్డ్ నిబంధనల్లోనైనా బాట్‌కు కిక్ అని చదివారా మీరు? ఎందుకుంటుంది! లీడరు ఇన్నాళ్లూ తపస్సు చేసింది ఆ వరం కోసమే. బాట్ మిర్చికి పోదు. దానికి మలేరియా రాదు. ఇరవై ఎనిమిది రోజుల రీఛార్జి అయిపోయిందని బాధ పడదు. పదో తరగతి చెల్లెలు పరీక్షల ముందు యూట్యూబులో లెక్కల పాఠం చూడాలంటే ఇంటికి ఉన్న ఒక్క ఫోనూ ఇచ్చేసి కూర్చోదు. “లీడర్ భాయ్ సహీ బోలా” అని కూడా అనదు కాబట్టి ఆఫీసర్ కంటే ఒక మెట్టు పైనే.

మనుషుల్ని తీసేసి మరల్ని నింపుకున్న గిల్డ్ లెవెల్ చూసి రెండు తాలూకాల కుర్రాళ్లు “ఏం గిల్డ్ రా బయ్!” అంటారు. లోపల వాయిస్ చాట్ ఆన్ చేస్తే లీడరు గొంతు ఒక్కటే వినిపిస్తుంది.

ఇనాక్టివ్ సభ్యుడే గిల్డ్‌ను ముంచుతాడనే సిద్ధాంతం ఒకటుంది కదా, దాని సంగతీ చూద్దాం. ఐస్‌లాండ్ కంపెనీ ఒకటి నడిపే ఈవ్ ఆన్‌లైన్ అనే అంతరిక్ష యుద్ధాల ఆటలో 2005లో పెద్ద దోపిడీ జరిగింది. ఒక ముఠా మనుషులు తాము గురిపెట్టిన సంఘంలో మామూలు సభ్యులుగా చేరారు. దాదాపు ఏడాది పాటు చెప్పిన పనల్లా చేశారు, నమ్మకం సంపాదించారు, పెద్ద పదవుల్లోకి ఎక్కారు. ఒకనాడు ఖజానా మొత్తం ఊడ్చుకుపోయారు. అదే ఆటలో 2009 ఫిబ్రవరిలో బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్ అనే మహా కూటమి రాత్రికి రాత్రి మాయమైంది. దాన్ని రద్దు చేసే మీట నొక్కింది శత్రువుల వైపు దూకేసిన సొంత డైరెక్టరే. ఆ రెండు సంఘాల్లోనూ పడుకున్న సభ్యులు ఉండే ఉంటారు. పాపం, వాళ్ల వల్ల ఒక్క ఓడ కూడా పోలేదు. నిద్రపోతున్నవాడు ఇల్లు దోచలేడుగా!

లీడర్లే మాయమైతే ఏం చేయాలో కూడా ఆటలకు తెలుసు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో గిల్డ్ అధిపతి తొంభై రోజులు కనబడకపోతేనే ఆ కుర్చీ ఇంకొకరు అడిగే వీలుంటుంది. అధిపతికి తొంభై, అనామకుడికి మూడు. మా కుర్రాళ్ల రాజ్యాంగంలో అధిపతి ఊసే లేదు. సెమిస్టర్ పరీక్షలకు ఆయనగారు మూడు వారాలు మాయమైతే దాని పేరు ‘బ్రేక్’.

ఆ వార్‌క్రాఫ్ట్ ఆటలోనే స్టార్‌లైట్ అనే గిల్డ్ ఉంది. అందులో ఐబెలిన్ అనే పేరుతో ఆడిన నార్వే కుర్రాడు మాట్స్ స్టీన్‌కు కండరాలు క్షీణించే డ్యూషేన్ జబ్బు. చక్రాల కుర్చీలో ఉండి, కదిలే కొద్దిపాటి వేళ్లతో ఆడేవాడు. 2014 నవంబరులో, ఇరవై అయిదేళ్లకు పోయాడు. మా అబ్బాయికి స్నేహితులే లేరనుకున్న తల్లిదండ్రులు అతని బ్లాగులో చావు కబురు పెట్టారు. దేశదేశాల నుంచి ఉత్తరాలు వచ్చిపడ్డాయి. గిల్డ్ వాళ్లు కొందరు అంత్యక్రియలకు వచ్చారు. 2024లో అతని మీద వచ్చిన డాక్యుమెంటరీని చాలామంది చూసే ఉంటారు. మా లీడరు కూడా చూశాడు, ఏడ్చాడు, స్టేటస్ పెట్టాడు. ఐబెలిన్ మా సిరోంచ గిల్డ్‌లో ఉండి, ఊపిరి ఆడక ఆస్పత్రిలో నాలుగు రోజులు పడుకుని ఉంటే ఏం జరిగేదో ఆ స్టేటస్ కింద రాయలేదు. నేను రాస్తున్నాను: మూడో రోజు సాయంత్రం ఎర్ర సున్నా, అడ్డగీత, కిక్.

ఇంతకీ సిరోంచవాళ్లకు ఈ గెంటివేత అంత ఇష్టం ఎందుకో నాకు అంతుబట్టదు. ఎందుకంటే మా ఊరినే ఎన్నోసార్లు గిల్డ్ మార్చారు. నిజాం చేతి నుంచి 1860లో ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చింది. ఎగువ గోదావరి జిల్లా అని పేరు పెట్టి సిరోంచను ముఖ్యపట్నం చేశారు. భద్రాచలం కూడా ఆ జిల్లాలోనిదే. గోదావరిలో ఆవిరి పడవలు నడుపుదామని బండరాళ్లతో కుస్తీ పట్టి, గిట్టుబాటు కాక ఆ పని వదిలేశారు. 1874లో జిల్లానే రద్దు చేసి, కింది తాలూకాలను మద్రాసుకు ఇచ్చి, సిరోంచను చాందాకు అతికించారు. అప్పటికి సెంట్రల్ ప్రావిన్సెస్, తర్వాత మధ్యప్రదేశ్, 1956లో బొంబాయి రాష్ట్రం, 1960లో మహారాష్ట్ర, 1982లో చంద్రపూర్ నుంచి విడగొట్టిన గడ్చిరోలి జిల్లా. ఊరు ఉన్నచోటే ఉంది. ఇప్పటికీ జిల్లా కేంద్రానికి పోవాలంటే రెండు వందల కిలోమీటర్ల పైమాటే. ఆలాపల్లి దాకా రోడ్డు వానాకాలంలో ఉందో లేదో బస్సు దిగినవాడు చెప్పాలి. అటువైపు వంతెన దాటితే మాత్రం కాళేశ్వరుడు కాఫీ తాగే టైములో కనిపిస్తాడు. మా ఊరికి వచ్చిన అధికారులు ఎన్ని నెలలు ఇనాక్టివ్‌గా ఉన్నా ఏ లీడరూ ఎర్ర సున్నా వేసిన పాపాన పోలేదు. ఇంత చరిత్ర నెత్తిన మోస్తున్న ఊళ్లో, మూడు రోజులు కనబడలేదని తోటి కుర్రాణ్ణి తోసేయడానికి చెయ్యెలా వస్తుంది?

ఎవర్నీ తోసేయకుండా ఎలా నడపాలో చూడాలంటే, ఈ జిల్లాలోనే ధనోరా తాలూకాలో మెండా లేఖా అనే గోండు పల్లె ఉంది. 2009లో దేశంలోనే అందరికంటే ముందు సామూహిక అటవీ హక్కులు అందుకున్న ఊళ్లలో అది ఒకటి. ఆ గ్రామసభలో ఓట్ల లెక్క ఉండదు. అందరూ సరే అనేదాకా మాట్లాడుకుంటూనే ఉంటారు, ఒక్కడు తల అడ్డంగా ఊపినా నిర్ణయం ఆగుతుంది. అలాగని ఆ ఊరు మూలన పడలేదు. వెదురు నరికారు, అమ్మారు, లెక్క రాసుకున్నారు. చదువుకున్న మా లీడరుకు ఆ ఊరి పేరు పోటీ పరీక్షల పుస్తకంలో ఒక బిట్టుగా తెలుసు.

పోనీ, గ్రామసభ పెట్టమని ఎవరూ అడగడం లేదు. క్లాష్ ఆఫ్ క్లాన్స్‌లో ప్రతివాడూ తన ప్రొఫైల్‌లో యుద్ధానికి రానని ఎర్ర గుర్తు పెట్టుకోవచ్చు. వాణ్ణి పక్కనబెట్టి మిగతావాళ్లతో యుద్ధానికి దిగుతారు, వాడు క్లాన్‌లోనే ఉంటాడు. ఆట తయారుచేసిన ఫిన్లాండ్ కంపెనీకి తునికాకు తెలియదు. అయినా మనిషికి వేరే పని ఉంటుందని తెలుసు. ఫ్రీ ఫైర్ గిల్డ్‌లో అలాంటి గుర్తు లేకపోతే వాట్సాప్ గ్రూపు ఎలాగూ ఉంది. “మిర్చికి పోతున్న, మార్చి దాకా రాను” అని ఒక్క ముక్క పెట్టించుకుంటే సరిపోయె. చోటు నిజంగా ఇరుకైతే రెండో గిల్డ్ తెరిచి అడవికి, చేలకు పోయినవాళ్లను అందులో కూర్చోబెట్టండి, తిరిగొచ్చాక మార్చుకోండి. ఇదంతా లీడర్లకు తెలియక కాదు. ఫోన్ చేసి “ఏడున్నవ్ రా, బాగున్నవా?” అని అడగడంలో అధికారం కనబడదు. కిక్ నొక్కితే కనబడుతుంది.

కాబట్టి లీడరు దాదాలకు, వారి ఆఫీసర్ మహాశయులకు ఒక మనవి. తునికాకు కల్లాలు ముగిసేదాకా ఎవరి పేరూ కొట్టేయకండి. తర్వాత ఒక్కొక్కరికీ ఫోన్ చేయండి, ఎత్తకపోతే వాళ్ల అన్నకో అమ్మకో చేయండి. ఆట వదిలేసినవాడు “తీసెయ్ అన్నా” అని వాడే చెబుతాడు, వాణ్ణి నిశ్చింతగా తీసేయండి. బాట్‌లను మాత్రం ఈ రాత్రికే కిక్ కొట్టండి.